ఓడ గడియారాలు, గోడ గడియారాలు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు, పెద్దమండ్యంలో మా పాత ఇంటి నడవలో వేలాడిన గోడగడియారమే నాకు ముందుగా గుర్తుకొచ్చింది. జపాన్‌లో హట్టోరి కింటారో 1892లో స్థాపించిన సైకోషా వారి సరుకు అది. ఆదివారం పొద్దున మా నాయన స్టూలెక్కి దానికి కీ ఇచ్చేవారు. ఇంకెవ్వరూ దాన్ని ముట్టుకోకూడదు. రేడియోలో వార్తలకు ముందు వచ్చే కూతలు విని ముల్లు సరిచేసేవారు.

రిటైరైన తరువాత నాకు పాత గడియారాల మీద, ముఖ్యంగా ఓడ గడియారాల మీద మోజు పుట్టింది. సముద్రం మొహం ఎరగని మదనపల్లె వైపువాడికి ఓడ గడియారం దేనికని మా ఇంటావిడ ఇప్పటికీ అంటూనే ఉంటుంది. దానికి జవాబుగానే ఈ నాలుగు మాటలు.

నడిసముద్రంలో ఉన్న నావికుడు ధ్రువనక్షత్రాన్నో మధ్యాహ్న సూర్యుణ్నో చూసి అక్షాంశం కట్టగలడు. తూర్పు పడమరల లెక్క, అంటే రేఖాంశం, అలా తేలదు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి బయలుదేరిన రేవులో ఇప్పుడు టైమెంతో తెలిస్తే, ఓడమీది టైముతో పోల్చి దూరం చెప్పవచ్చు. అయితే అలల ఊపుకు లోలకం గడియారం నిలవదు. 1707లో ఇంగ్లండుకు నైరుతిన సిల్లీ దీవుల దగ్గర నాలుగు యుద్ధనౌకలు రాళ్లకు కొట్టుకొని వెయ్యిమందికి పైగా మునిగిపోయారు. 1714లో బ్రిటిష్ పార్లమెంటు ఈ చిక్కు విప్పినవారికి 20,000 పౌన్ల బహుమానం ప్రకటించింది.

విప్పినవాడు జాన్ హారిసన్ అనే వడ్రంగి కొడుకు. ఏళ్ల తరబడి మూడు పెద్ద యంత్రాలు చేసి, నాలుగోసారి అరచేతిలో పట్టే పెద్ద వాచీలాంటిది చేశాడు. 1761లో దాన్ని ఆయన కొడుకు జమైకాకు ఓడలో తీసుకెళ్లాడు. 81 రోజుల ప్రయాణంలో అది తప్పింది 5 సెకన్లే! మా నాయన గడియారం రోజుకు రెండు నిమిషాలు వెనకబడేది. దాన్ని నమ్ముకొని ఓడ నడిపి ఉంటే భూమధ్యరేఖ దగ్గర ఒక్కరోజులోనే సుమారు 55 కిలోమీటర్లు దారి తప్పేవాళ్లం. ఇంతచేసినా హారిసన్‌కు సొమ్ము పూర్తిగా ఇవ్వక బోర్డువారు కొర్రీల మీద కొర్రీలు వేశారు. రాజుగారు కలగజేసుకొన్నాక చివరి పైకం 1773లో, ఎనభయ్యో ఏట అందింది. ఎరియర్సు కోసం కాళ్లరిగేలా తిరిగిన మన సభ్యులకు ఆ ముసలాయన బాధ వేరే చెప్పనక్కరలేదు.

ఇదంతా తెల్లవాళ్ల గొడవే అనుకోకండి. మన విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావుగారు అనే జమీందారు, మద్రాసు వేధశాలలో టేలర్ దొరవద్ద ఖగోళవిద్య నేర్చి, 1840 ప్రాంతంలో డాబా గార్డెన్స్‌లోని తన ఇంటివద్దే స్వంత వేధశాల కట్టించారు. నక్షత్రాలను చూసి గడియారం సరిచేసి, డాల్ఫిన్స్ నోస్ కొండమీద ఉన్న స్తంభంపై జెండా గుర్తుతో ఊరికీ రేవుకూ టైము తెలియజేసే ఏర్పాటు ఉండేది. 1856లో ఆయన పోయిన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు ఆ పని సాగించారు. 1890ల మొదట్లో మా వైపు పాకాల ధర్మవరం రైలు వచ్చినప్పుడు అది నడిచిందీ మద్రాసు టైము ప్రకారమే. దేశమంతటికీ ఒకే టైము వచ్చింది 1906లో.

ఇక అలంకారపు గడియారాల మాటకొస్తే, హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం చూడనివారు మనలో తక్కువే. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ వారివద్ద కొన్న గడియారం ముందు జనం ముందుగానే వచ్చి కూర్చుంటారు. గంటయ్యే వేళకు గడ్డపాయన తలుపు తీసుకొని వచ్చి గంటలు కొట్టి లోపలికి పోతాడు. నాకు మాత్రం ఆ పక్కనే సెకనుకో దెబ్బ వేస్తూ నిలబడే కమ్మరి మీదే చూపు. ఆయన్నెవరూ పట్టించుకోరు, పనంతా ఆయనదే.

మోజులో నేను మోసపోయిన సంగతీ చెప్పాలి. ఒక ఊళ్లో ఒక దుకాణంలో, ఇత్తడి మీద పాత సంవత్సరం, నౌకాదళం పేరు చెక్కిన “ఓడ గడియారం” పెద్ద మొత్తానికి కొన్నాను. ఇంటికొచ్చి వెనక మూత విప్పితే లోపల పెన్సిలు సెల్లు! అసలైన క్రోనోమీటరు పెట్టెలో వెల్లకిలా పడుకొని ఉంటుంది. ఓడ ఎటు ఒరిగినా అది సమంగా నిలిచేటట్టు ఇత్తడి వలయాల్లో బిగించి ఉంటుంది. సెకన్లకు వేరే చిన్న ముఖం, కీ ఇచ్చి ఎన్ని గంటలైందో చూపే మరో ముఖం ఉంటాయి. కొనే ముందు ఈపాటి చూసుకొని ఉంటే సరిపోయేది. గుజరాత్‌లోని అలంగ్‌లో ఓడలు విరిచేచోట రోడ్డు పక్క దుకాణాల్లో నిజమైన ఓడసామాను దొరుకుతుంది, అంత దూరం పోయే ఓపిక ఉన్నవారికి.

ఆ నకిలీ గడియారాన్ని గోడకు తగిలించిన వారంలోనే మా చెల్లెలు వచ్చింది. దాన్ని చూసి, “నాయన గడియారం ఏమాయెనన్నా?” అంది.

1987లో నేనే ఇచ్చేశాను. ఏటా మార్గశిరంలో చలికి అది ఆగిపోయేది. మరలకు మేము కొబ్బరినూనె వేసేవాళ్లం, చలికి అది పేరుకుపోయేదని నాకు తెలియదు. గడియారాల నూనె రెండు చుక్కలు వేస్తే నడిచేదాన్ని పాడైందనుకొన్నాను. పాతసామాన్లు కొనే మనిషి వీధిలోకి వస్తే, నలభై రూపాయలకూ ఒక సెల్లు గడియారానికీ మార్చుకొన్నాను. నాయన అరుగుమీదే కూర్చొని ఉన్నారు, ఒక్క మాటా అనలేదు. ఆ ఆదివారం పొద్దున స్టూలు మాత్రం తెచ్చి గోడకింద వేసుకొని, కాసేపు నిలబడి మళ్లీ తీసి పెట్టేశారు.

ఆ గడియారం తలుపు లోపలివైపు నూనె వేసిన తేదీలన్నీ నాయన పెన్సిలుతో రాసి ఉంచారు. అద్దం కింద ఎడమమూల చిన్న పెచ్చు ఊడి ఉంటుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు సభ్యుల ఇళ్లలో గానీ, బంధువుల ఇళ్లలో గానీ అలాంటిది కనిపిస్తే దయచేసి సంఘం ఆఫీసులో ఒక మాట చెప్పండి. దాని కీ నా దగ్గరే ఉంది.