ఒరెగాన్ విధానం

అమెరికా వాయవ్య మూలన పసిఫిక్ తీరంలో ఉన్న ఒరెగాన్ రాష్ట్రం 1902 మొదలు ఒక పుష్కర కాలంలో అమలుకు తెచ్చుకున్న ప్రత్యక్ష ప్రజాస్వామ్య పద్ధతులన్నిటికీ కలిపి ఈ పేరు స్థిరపడింది. ఓటర్లే చట్టాన్ని ప్రతిపాదించే ఇనీషియేటివ్, శాసనసభ చేసిన చట్టాన్ని ప్రజల ఓటుకు రప్పించే రెఫరెండం, పార్టీ అభ్యర్థులను ఓటర్లే ఎంచుకునే ప్రైమరీ, పదవిలో ఉన్నవారిని గడువుకు ముందే దించే రీకాల్ వీటిలో ముఖ్యమైనవి. ఏ ఒక్కటీ ఒరెగాన్‌లో పుట్టలేదు. మొదటి రెండూ స్విట్జర్లాండ్ నుంచి వచ్చినవి. వాటిని అమెరికాలో ముందుగా రాజ్యాంగంలో రాసుకున్న రాష్ట్రం సౌత్ డకోటా (1898). రీకాల్‌ను లాస్ ఏంజెలస్ నగరం 1903లోనే పెట్టుకుంది. అయితే ఇనీషియేటివ్‌ను రాష్ట్రమంతటా మొదట వాడింది ఒరెగాన్ (1904). వాడుతూ పోయింది కూడా అదే, కొన్నిసార్లు అతిగా. పేరు దానికే దక్కడం అన్యాయం కాదు.

నేపథ్యం

అప్పటి ఫెడరల్ రాజ్యాంగం ప్రకారం సెనేటర్లను ఎన్నుకునేది ప్రజలు కాదు, రాష్ట్ర శాసనసభలు. రెండేళ్లకోసారి నలభై రోజులు కూర్చునే ఒరెగాన్ శాసనసభకు సెనేటర్ ఎన్నిక వచ్చిన ఏడు మరో పని ముందుకు సాగేది కాదు. రైల్వే కంపెనీలు, పోర్ట్‌లాండ్ బ్యాంకులు, పార్టీ నాయకుల ముఠాలు ఓట్ల బేరానికి దిగేవి. గిట్టుబాటు ధరల్లేని రైతులు, సంఘాలు కట్టుకుంటున్న కార్మికులు శాసనసభ మీద ఆశ వదులుకున్న కాలమది. 1890ల నాటి పాపులిస్టు ఉద్యమం ఈ అసంతృప్తి నుంచే బలం పుంజుకుంది.

యురెన్

విలియం సైమన్ యురెన్ (1859–1949) విస్కాన్సిన్‌లోని లాంకాస్టర్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి వలస వచ్చినవారు, తండ్రి కమ్మరి. డెన్వర్‌లో న్యాయశాస్త్రం చదివాడు, ఆరోగ్యం చెడి కొన్నాళ్లు హవాయిలో గడిపాడు, ఆపైన ఒరెగాన్ చేరాడు. అక్కడ పోర్ట్‌లాండ్ పక్కనున్న మిల్వాకీలో లుయెలింగ్ కుటుంబం ఇతనికి ఆశ్రయమిచ్చింది. పండ్ల తోటలు పెంచే కుటుంబం అది.

హెన్రీ జార్జ్ రచన చదివి భూమి విలువ మీద తప్ప మరి దేనిమీదా పన్ను ఉండరాదన్న ఏకపన్ను సిద్ధాంతానికి యురెన్ అప్పటికే లోబడి ఉన్నాడు. స్విస్ పద్ధతులపై జేమ్స్ డబ్ల్యు. సలివన్ రాసిన చిన్న పుస్తకం లుయెలింగ్‌ల ఇంట్లో చేతికందిందని, దాన్ని రాత్రంతా మేలుకుని చదివాడని ప్రసిద్ధ కథనం. దీన్ని ప్రచారంలోకి తెచ్చినవాడు పాత్రికేయుడు లింకన్ స్టెఫెన్స్. పుస్తకానికి 1892లో ఒక ముద్రణ, 1893లో మరొకటి ఉండటంతో ఏడాది విషయంలో తేడాలు కనిపిస్తాయి. రైతు సంఘమైన గ్రేంజ్, ఫార్మర్స్ అలయన్స్, నైట్స్ ఆఫ్ లేబర్, పోర్ట్‌లాండ్ కార్మిక సంఘాల సమాఖ్య కలిసి కట్టిన సంయుక్త సంఘం 1892 నాటిదన్న లెక్క సరైనదైతే పుస్తకం చదివింది కూడా ఆ ఏడే కావాలి. ఈ సంఘం 1894లో ఇంగ్లిష్‌లో 50 వేలు, జర్మన్‌లో 18 వేల కరపత్రాలు పంచిందని చెబుతారు. కరపత్రాలు మడతపెట్టి కుట్టే పని ఊళ్లలోని ఆడవాళ్లే చేశారంటారు. వారికప్పుడు ఓటు లేదు.

1897: సమావేశం కాని శాసనసభ

1896 ఎన్నికల్లో యురెన్ పాపులిస్టుగా శాసనసభకు వెళ్లాడు. సెనేటర్ జాన్ హెచ్. మిచెల్ పదవీకాలం 1897లో ముగుస్తుంది. మిచెల్ మళ్లీ ఎన్నికవ్వాలంటే సభ కొలువు తీరాలి. అందుకు అరవై మంది సభ్యుల్లో నలభై మంది హాజరు కావాలి. ప్రత్యర్థులు ఆ నలభై నిండకుండా చూశారు. సభ్యులు ఊళ్లోనే ఉన్నారు, సభలోకి మాత్రం రాలేదు. నలభై రోజులూ అలాగే గడిచాయి. ఒక్క చట్టం లేదు, బడ్జెట్ లేదు, సెనేటర్ లేడు. గవర్నర్ తనంతట తాను నియమించిన హెన్రీ కార్బెట్‌ను వాషింగ్టన్‌లోని సెనేట్ లోపలికి రానివ్వలేదు. 1898 అక్టోబరు దాకా ఆ స్థానం ఖాళీగానే ఉంది.

ఈ దిగ్బంధాన్ని నడిపిన ఇద్దరు ముగ్గురిలో యురెన్ ఒకడన్నది వివాదం లేని విషయం. ఎందుకు నడిపాడన్న చోటే కథనాలు వేరవుతాయి. ఇనీషియేటివ్ సవరణకు మద్దతిస్తానని మాట ఇచ్చి మిచెల్ తప్పాడని, అందుకే యురెన్ తిరగబడ్డాడని స్టెఫెన్స్ 1908 వ్యాసం చెబుతుంది. అప్పటి నాణేల వివాదంలో వెండి పక్షం వదిలి బంగారం వైపు మారిన మిచెల్‌పై పగబట్టిన సంపన్న రిపబ్లికన్ జొనాథన్ బోర్న్ అసలు సూత్రధారి అని, యురెన్ అతని చేతిలో పావు అని ప్రత్యర్థుల వాదన. రాష్ట్ర రాజధాని సేలంలో బోర్న్ అద్దెకు తీసుకున్న గదుల్లో సభ్యులకు రోజుల తరబడి విందు వినోదాలు నడిచాయని, ఖర్చంతా అతనిదేనని అప్పట్లోనే చెప్పుకున్నారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరి పావు ఎవరో తేల్చడం కంటే, ఇద్దరి అవసరం ఒకచోట కలిసిందనడమే నమ్మదగినదిగా ఉంది. బోర్న్‌కు మిచెల్ ఓటమి కావాలి. యురెన్‌కు తన సవరణకు ఓట్లు కావాలి. యురెన్ తర్వాత ఈ వ్యవహారాన్ని గొప్పగా చెప్పుకోలేదు, అలాగని దాచనూ లేదు. స్టెఫెన్స్ వ్యాసంలో ఈ భాగం ఒక సంస్కర్త రాజీగా, కొంత సానుభూతితో కనిపిస్తుంది. అతని ఇతర వ్యాసాల్లో ఇదే పని చేసిన నాయకులకు ఆ సానుభూతి దక్కలేదు. మిచెల్ 1901లో సెనేట్‌కు తిరిగి వెళ్లాడు. ప్రభుత్వ భూముల కుంభకోణంలో 1905లో శిక్ష పడి, అప్పీలు తేలకముందే ఆ ఏడాది చనిపోయాడు.

సవరణ, దాని సంతానం

అప్పట్లో రాష్ట్ర రాజ్యాంగ సవరణను వరుసగా రెండు శాసనసభలు ఆమోదించాల్సి ఉండేది, తర్వాత ప్రజలు ఓటు వేయాల్సి ఉండేది. ఇనీషియేటివ్, రెఫరెండం సవరణకు 1899లో, 1901లో సభలు ఒప్పుకున్నాయి. యురెన్ ఈసారి పార్టీలకు అతీతమైన సంఘం పెట్టి బ్యాంకర్లను, పత్రికల వారిని కూడా కలుపుకున్నాడు. 1902 జూన్ 2న అనుకూలంగా 62,024, వ్యతిరేకంగా 5,668 ఓట్లు పడ్డాయి. ఇంత పెద్ద మార్పు ఇంత తక్కువ వ్యతిరేకతతో నెగ్గడానికి కారణం అందరికీ అందులో తమ శత్రువును దెబ్బకొట్టే ఆయుధం కనిపించడమే కావచ్చు.

చట్టం ప్రతిపాదించాలంటే గత ఎన్నికలో పోలైన ఓట్లలో 8 శాతం, చట్టాన్ని నిలిపి ప్రజల ముందుకు తేవాలంటే 5 శాతం సంతకాలు అప్పట్లో కావాల్సి ఉండేది. 1904లో ప్రత్యక్ష ప్రైమరీ చట్టం ఈ దారినే వచ్చింది. 1908లో 25 శాతం సంతకాలతో రీకాల్, ఎన్నికల ఖర్చుకు హద్దులు పెట్టిన చట్టం, 1910లో అధ్యక్ష అభ్యర్థుల ప్రైమరీ వచ్చాయి. వీటిలో చాలావాటి ముసాయిదాలు యురెన్, అతని పీపుల్స్ పవర్ లీగ్ రాసినవే. రాష్ట్ర ప్రభుత్వానికి శాసన, కార్యనిర్వాహక, న్యాయ విభాగాలతో పాటు యురెన్ అనే నాలుగో విభాగం ఉందని పోర్ట్‌లాండ్ పత్రిక ఒకటి వెక్కిరించింది.

సెనేటర్ల ఎన్నిక

ఫెడరల్ రాజ్యాంగాన్ని మార్చే అధికారం ఒరెగాన్‌కు లేదు. దాన్ని చుట్టి వెళ్లే దారి మాత్రం దొరికింది. మొదటి ప్రయత్నం ఫలించలేదు: 1902లో సెనేటర్‌గా ఎవరు కావాలో తెలిపే ప్రజల ఓటు గవర్నర్ గీర్‌కు ఎక్కువ వచ్చినా 1903లో శాసనసభ ఫుల్టన్ అనే మరొకరిని సెనేట్‌కు పంపింది. 1904 ప్రైమరీ చట్టం అందుకే ‘స్టేట్‌మెంట్ నంబర్ 1’ అనే ప్రతిజ్ఞ తెచ్చింది. శాసనసభకు పోటీచేసేవారు, పార్టీ ఏదైనా సరే ప్రజల ఓటులో ముందున్నవానికే సెనేటర్‌గా ఓటు వేస్తామని ముందే సంతకం చేయవచ్చు. చట్టం బలవంతం చేయలేదు, సంతకం చేయనివాడు ఓటర్లకు జవాబు చెప్పుకోవాలి, అంతే. 1907లో ఇలా ఎన్నికైనవాడు బోర్న్. అసలు పరీక్ష 1909లో వచ్చింది. రిపబ్లికన్లు నిండిన శాసనసభ, ఇచ్చిన మాటకు కట్టుబడి, డెమోక్రాట్ అయిన జార్జ్ చాంబర్లిన్‌ను సెనేట్‌కు పంపింది. 1912 నాటికి సుమారు 29 రాష్ట్రాలు ఏదో ఒక రూపంలో ప్రజల ఓటునే అనుసరిస్తున్నాయి. 1913 ఏప్రిల్ 8న ఆమోదం పూర్తయిన పదిహేడో సవరణ అప్పటికే నడుస్తున్న పద్ధతికి రాజ్యాంగ ముద్ర వేసింది.

వాడుక

1910లో ఓటరు ముందు 32, 1912లో 37 ప్రతిపాదనలు నిలిచాయి. రెండు వైపుల వాదనలతో ప్రభుత్వమే పుస్తకం అచ్చువేసి ఇంటింటికీ పంపేది. ఓటర్లు తికమకపడ్డారన్నది విమర్శకుల మాట. వారు తరచూ చూపే ఉదాహరణ 1908 నాటి సాల్మన్ చేపలది. కొలంబియా నదిలో ఎగువన చక్రాలతో పట్టే కంపెనీలు, దిగువన వలలతో పట్టే జాలరులు ఒకరి వేటను ఒకరు ఆపాలని వేర్వేరు ప్రతిపాదనలు పెట్టారు. ఓటర్లు రెండింటినీ నెగ్గించారు. దీన్ని అయోమయమని చాలామంది రాశారు. చేపలు తరిగిపోతున్న నదిలో ఇద్దరినీ ఆపడమే మంచిదని ఓటరు తెలిసే అనుకుని ఉండవచ్చన్న వాదనా ఉంది, అది కొట్టిపారేయదగింది కాదు.

1906లో ప్రజలు ఓటేసి టెలిఫోన్, టెలిగ్రాఫ్ కంపెనీల ఆదాయంపై 2 శాతం పన్ను వేశారు. పసిఫిక్ స్టేట్స్ కంపెనీ, ప్రజలే చట్టం చేసే రాష్ట్రం రాజ్యాంగం హామీ ఇచ్చిన గణతంత్ర ప్రభుత్వం కిందికి రాదని సుప్రీంకోర్టుకెక్కింది. అది రాజకీయ ప్రశ్న, తేల్చాల్సింది కాంగ్రెస్ అని 1912 ఫిబ్రవరిలో కోర్టు తప్పుకుంది. విధానానికి న్యాయపరమైన గండం అక్కడితో గడిచింది.

‘ప్రజలు’ ఎవరన్నది వేరే సంగతి. స్త్రీల ఓటు హక్కు ఐదుసార్లు ఓడి 1912 నవంబరులో 61,265–57,104 తేడాతో నెగ్గింది. నలభై ఏళ్లు పోరాడిన అబిగైల్ స్కాట్ డనివే చేతనే గవర్నర్ ప్రకటన రాయించాడు. నల్లవారికి, చైనీయులకు ఓటు లేదన్న, అప్పటికే చెల్లని పాత వాక్యాన్ని రాజ్యాంగంలోంచి తీసేయడానికి మాత్రం 1916లో ఓటర్లు ఒప్పుకోలేదు. అది 1927 దాకా ఉండిపోయింది. బ్రిటిష్ పాలనపై పోరాడిన ప్రవాస భారతీయుల గదర్ పార్టీ చరిత్రలో వినిపించే అస్టోరియా పట్టణం ఈ రాష్ట్రంలోదే. ఆ రోజుల్లో అస్టోరియా కోత మిల్లుల్లో పనిచేసిన పంజాబీలు ఈ సంతకాల ఉద్యమాలన్నిటికీ వెలుపలివారే.

ఏకపన్ను

యురెన్‌కు ఈ పద్ధతులన్నీ ఏకపన్నుకు మెట్లు. 1910లో పన్నుల విషయం కౌంటీలకు వదిలే సవరణ, తల పన్ను రద్దుతో ముడిపెట్టడం వల్ల, స్వల్ప ఆధిక్యంతో నెగ్గింది. ఫిలడెల్ఫియా సబ్బుల వ్యాపారి జోసెఫ్ ఫెల్స్ నిధి నుంచి డబ్బు వచ్చిందన్న సంగతి ప్రత్యర్థులకు ఆయుధమైంది. 1912లో ఓటర్లు ఆ వెసులుబాటును రద్దు చేసి, రాష్ట్రవ్యాప్త ఏకపన్ను ప్రతిపాదనను కూడా ఓడించారు. 1914లో యురెన్ గవర్నర్ పదవికి స్వతంత్రుడిగా నిలబడి చాలా తక్కువ ఓట్లు తెచ్చుకున్నాడు. తర్వాతి ఏకపన్ను ప్రతిపాదనలూ ఓడాయి. ఇతడు 1949లో పోర్ట్‌లాండ్‌లో మరణించాడు. ఇతడు రాసిన ఇనీషియేటివ్, రెఫరెండం నిబంధనలు కొన్ని మార్పులతో ఒరెగాన్ రాజ్యాంగంలో ఇప్పటికీ ఉన్నాయి.