రవి సిర్దేశ్‌ముఖ్: ప్రొటియోమిక్స్ పరిశోధన

రవి సిర్దేశ్‌ముఖ్ హైదరాబాదు సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ)లో పనిచేసిన శాస్త్రవేత్త. తర్వాత బెంగళూరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మాటిక్స్‌లో పరిశోధన కొనసాగించారు. ప్రొటీన్లను ఒక్కొక్కటిగా కాక వేల సంఖ్యలో ఒకేసారి గుర్తించి కొలిచే ప్రొటియోమిక్స్ ఆయన రంగం.

పద్ధతి చెప్పడానికి తేలికే. ట్రిప్సిన్ ఎంజైము ప్రొటీనును లైసీన్, ఆర్జినీన్ ఉన్నచోట కత్తిరిస్తుంది. ఆ ముక్కలు క్రొమటోగ్రఫీ గొట్టంలో వేరుపడి, విద్యుదావేశం పొంది మాస్ స్పెక్ట్రోమీటరులోకి వెళ్తాయి. యంత్రం తూచేది ముక్కల్నే; అవి ఏ ప్రొటీనువో జన్యు సమాచారంతో పోల్చి కంప్యూటరు తేలుస్తుంది. చిక్కంతా మోతాదుల్లోనే. రక్తద్రవం ప్రొటీన్లలో ఆల్బుమిన్ ఒక్కటే సగానికి పైగా ఉంటుంది. అరుదైనవి దాని చాటున పడిపోతాయి. పల్నాడు మిరప కల్లంలో తాలుకాయలు ఏరడం ఇంతకంటే నయం, అవి కంటికైనా కనిపిస్తాయి.

గ్లియోబ్లాస్టోమా అనే మెదడు కణితిలోని కణాల పొర ప్రొటీన్లను ఆయన బృందం ఐట్రాక్ అనే రసాయన గుర్తులతో కొలిచి, కాల్షియం సంకేతాల్లో మార్పులున్నాయని 2012లో ప్రచురించింది. శాస్త్రవేత్త అఖిలేశ్ పాండే నాయకత్వంలో 2014 మేలో నేచర్ పత్రికలో వచ్చిన మానవ ప్రొటియోమ్ (మనిషి శరీరంలోని ప్రొటీన్లన్నిటి సమాహారం) ముసాయిదా పటానికీ ఆయన సహరచయిత. 30 రకాల నమూనాల్లో 17,294 జన్యువుల ప్రొటీన్లు, అంటే అప్పటికి తెలిసిన ప్రొటీను జన్యువుల్లో దాదాపు 84 శాతానివి, అందులో చేరాయి.