బొంత

బొంత అనగా పాత నూలు వస్త్రాలను పొరలుగా పేర్చి, ఆ పొరలన్నిటినీ కలుపుతూ చేతితో కుట్టిన మందపాటి పడకవస్త్రం. దీనిని నేలమీద గాని మంచంమీద గాని పరుపుగా పరచుకుంటారు, చలికాలంలో కప్పుకుంటారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామాలలో బొంత కుట్టడం ప్రధానంగా స్త్రీల పనిగా ఉంటూ వచ్చింది. కర్నూలు, కడప వంటి మెట్ట ప్రాంతాలలో పాత చీర, పంచె, దుప్పటి వృథా కాకుండా మరికొన్ని సంవత్సరాలు ఇంటికి ఉపయోగపడే మార్గం ఇది. చిరిగేవరకు వాడి, చిరిగిన తరువాత మరొక బొంత లోపలి పొరగా మార్చుకునే అలవాటు ఉండటం వలన పాతకాలపు బొంతలు మిగలడం అరుదు. అందువలన ఎంతో విస్తృతంగా ఆచరణలో ఉన్నప్పటికీ, ఈ కళ గురించిన లిఖిత సమాచారం తక్కువ.

పదం, వాడుక

సంస్కృతంలో అతుకుల వస్త్రానికి "కంథ" అని పేరు. తెలుగులో కంథ అనే మాటకు బొంత అనే అర్థం చెబుతారు. ఇదే పదం బెంగాలీలో "కాంథా"గా ప్రసిద్ధి చెందింది. ఇటువంటి వస్త్రాన్ని కన్నడంలో "కౌది" అని, మరాఠీలో "గోధడీ" అని అంటారు.

తెలుగు నుడికారంలో బొంతకు మంచి స్థానం ఉంది. ఇద్దరూ ఒకరికొకరు సరిపోయారని ఎత్తిపొడుపుగా చెప్పడానికి "గంతకు తగ్గ బొంత" అనే సామెతను వాడతారు. పొందిక లేని భాగాలతో ఏర్పడిన దానిని "అతుకుల బొంత" అంటారు. సంకీర్ణ ప్రభుత్వాలను విమర్శించేటప్పుడు పత్రికలు, రాజకీయ నాయకులు ఈ మాటను తరచు ప్రయోగిస్తారు. అయితే నిజమైన బొంతలో అతుకులు వేరువేరు బట్టలవైనా, కుట్టు వాటిని ఒకే వస్త్రంగా నిలబెడుతుంది.

చరిత్ర

ముక్కలను కలిపి వస్త్రం చేసుకోవడం భారతదేశంలో చాలా ప్రాచీనమైన పద్ధతి. బౌద్ధ వినయపిటకంలో ఈ విషయమై ఒక వృత్తాంతం కలదు. గట్లతో విభజింపబడిన మగధ పొలాలను బుద్ధుడు ఆనందునికి చూపి, భిక్షువుల చీవరాన్ని ఆ విధంగా ముక్కలతో రూపొందించగలవా అని అడుగగా, ఆనందుడు అట్లే చేసినట్లు అందులో చెప్పబడింది. ముక్కల అమరికకు ప్రకృతి నుండి నమూనా తీసుకున్నట్లు తెలిపే పాత ఉదాహరణలలో ఇది ఒకటి.

తెలుగు దేశపు వస్త్రాలకు ఐరోపా బొంతలతో కూడా సంబంధం ఉంది. మచిలీపట్నంలో ఆంగ్లేయులు 1611లో వర్తక స్థావరం ఏర్పాటు చేసుకున్నారు. కోరమాండల్ తీరం నుండి ఎగుమతి అయిన అద్దకపు నూలు వస్త్రాలలో "పలంపోర్" అనే పడకవస్త్రాలు ముఖ్యమైనవి. మంచంపై కప్పు అనే అర్థం గల "పలంగ్‌పోష్" నుండి ఆ పేరు వచ్చింది. ఐరోపాలో వీటిని లోపల దూది పెట్టి కుట్టి దుప్పట్లుగా వాడేవారు. వీటి రాకవలన తమ నేతపరిశ్రమ దెబ్బతింటున్నదని ఫ్రాన్సు 1686 నుండి 1759 వరకు అద్దకపు నూలు వస్త్రాలను నిషేధించింది. ఇంగ్లండు కూడా 1700, 1721 సంవత్సరాలలో చట్టాలు చేసి వాటిని కట్టడి చేసింది. ఖరీదైన ఈ వస్త్రాల నుండి పూలు, చెట్లు, పక్షుల బొమ్మలను కత్తిరించి, సాదా బట్టపై అతికి కుట్టే పద్ధతి ఐరోపాలోను, తరువాత అమెరికాలోను ప్రచారం పొందింది.

సామగ్రి

బొంతకు కొత్త బట్టకంటే పాత నూలు బట్ట శ్రేష్ఠం. దీనికి మూడు కారణాలు ఉన్నాయి. పలుమార్లు ఉతికిన బట్టలో గంజి పోయి మెత్తబడుతుంది. ముడుచుకోవలసినంత ముందే ముడుచుకొని ఉంటుంది గనుక, కుట్టిన తరువాత ఒక పొర ఒకలాగా, మరొక పొర ఇంకొకలాగా కుంచించుకుపోదు. నూలు వదులై ఉండటంవలన సూది అనేక పొరల గుండా సులువుగా దిగుతుంది.

పైపొరకు, అడుగుపొరకు గట్టిగా ఉన్న చీరలను, లోపలి పొరలకు చిరిగిన బట్టలను వాడతారు. అంచులకు చీర అంచులే ఉపయోగపడతాయి. వీటితోపాటు లావాటి నూలు దారం, పొడవైన సూది, కత్తెర ఉంటే చాలు. పొరలు మరీ మందమైనచోట దబ్బనం అవసరమవుతుంది. దారానికి మైనం రాస్తే చిక్కుపడకుండా బట్టలో తేలికగా జారుతుంది.

తయారీ విధానం

ముందుగా బట్టలన్నిటినీ ఉతికి ఆరవేస్తారు. చొక్కాల వంటి వాటికి గుండీలు తీసి, కుట్లు విప్పి, మందమైన మడతలను కత్తిరిస్తారు. సుమారు 5.5 మీటర్ల పొడవు, 1.1 మీటర్ల వెడల్పు గల ఒక చీరను మూడు మడతలు వేస్తే దాదాపు 1.8 మీటర్ల పొడవు గల మూడు పొరలు వస్తాయి. రెండు చీరలు కలిపితే ఒకరు పడుకోవడానికి సరిపోయే ఆరు పొరల బొంత తయారవుతుంది. పెద్ద బొంత కావాలంటే చీరలను పక్కపక్కన చేర్చి అతుకుతారు.

తరువాత చదునైన నేలపై అడుగుపొరను ముడతలు లేకుండా పరచి, మూలలలో బరువులు ఉంచుతారు. దానిపై లోపలి పొరలను పేరుస్తారు. చిరుగు ఉన్నచోట మాసిక వేస్తారు. ఒక పొరలోని అతుకు మరొక పొరలోని అతుకుపై పడకుండా జాగ్రత్తపడాలి, లేనిచో అక్కడ గడ్డకట్టినట్లు ఒత్తుకుంటుంది. పైపొర పరచిన తరువాత పొరలు కదలకుండా పొడుగాటి తాత్కాలిక కుట్లు వేస్తారు. వీటిని కచ్చాకుట్టు అంటారు. అసలు కుట్టు పూర్తయిన తరువాత వీటిని తీసివేస్తారు.

అసలు కుట్టు చాలా సాదా కుట్టు. సూదిని సమాన దూరంలో పైకి, కిందికి పోనిస్తూ వరుసగా కుట్టుకుపోతారు. దీనికి రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది, అంచును లోపలికి మడిచి కుట్టి, అక్కడి నుండి చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరడం. రెండవది, మధ్యనుండి మొదలుపెట్టి అంచులవైపు రావడం. మొదటి పద్ధతిలో మిగులు బట్ట మధ్యకు నెట్టుకువచ్చి ఉబ్బే అవకాశం ఉంది గనుక కచ్చాకుట్టు దగ్గరదగ్గరగా ఉండాలి. రెండవ పద్ధతిలో ముడతలు బయటికి పోతాయి.

ఈ పనిలోని శ్రమను ఒక లెక్కతో గ్రహించవచ్చు. 1.1 మీటర్ల వెడల్పులో 2 సెంటీమీటర్లకు ఒక వరుస చొప్పున కుడితే 55 వరుసలు అవుతాయి. ఒక్కొక్క వరుస 1.8 మీటర్లు గనుక మొత్తం కుట్టు దాదాపు 100 మీటర్లు. సెంటీమీటరుకు ఒక కుట్టు పడితే ఒక సాధారణ బొంతలో పదివేల కుట్లు ఉంటాయి.

ఈ కుట్లు కేవలం పొరలను పట్టి ఉంచడానికే కాదు. పొరల మధ్య చిక్కుకున్న గాలి వేడిని సులభంగా బయటికి పోనివ్వదు. దారం బట్టను కొద్దిగా లాగడంవలన ఏర్పడే చిన్న అలలలో కూడా గాలి నిలుస్తుంది. వరుసలు మరీ దగ్గరైతే బొంత బిరుసెక్కి గాలి తగ్గుతుంది, మరీ దూరమైతే ఉతికినప్పుడు లోపలి పొరలు చెదరిపోతాయి.

రూపకల్పన

బొంత అందం మూడు విషయాలపై ఆధారపడి ఉంటుంది: ముక్కల అమరిక, రంగుల పొందిక, కుట్టు గీతల నడక. ఉన్న బట్టతోనే పని జరగాలి గనుక, రూపకల్పన బట్టను పరిశీలించడంతోనే ప్రారంభమవుతుంది. ఎక్కువ ఉన్న రంగును నేలగాను, తక్కువ ఉన్న ముదురు రంగును అంచుగాను, మధ్యగడిగాను వాడితే బొంత కుదురుగా కనిపిస్తుంది. లేతరంగు పక్కన ముదురురంగు ఉంచితే ముక్కల ఆకారం స్పష్టంగా తేలుతుంది. చతురస్రాన్ని మూలనుండి మూలకు కోస్తే వచ్చే త్రిభుజాలతో నక్షత్రం, గాలిమర వంటి ఆకృతులు ఏర్పరచవచ్చు. అయితే ఏటవాలుగా కోసిన అంచు సాగుతుంది గనుక దానిని లాగకుండా కుట్టాలి.

కొలతలకు ముగ్గు మంచి ఆధారం. చుక్కల ముగ్గులో చుక్కలు సమదూరంలో ఉండటంవలన, అదే పద్ధతిలో బట్టపై సుద్దతో గుర్తులు పెట్టుకుంటే గడులు సమానంగా వస్తాయి, కుట్టు గీతలు వంకర పోవు. ఉమ్మడి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేట బెరైటీస్ గనులకు ప్రసిద్ధి చెందింది. ఆ ఖనిజాన్ని తెలుగులో ముగ్గురాయి అనే పిలుస్తారు. వాకిట చుక్కలు పెట్టి ముగ్గు వేయడం నేర్చినవారికి బొంత గడుల లెక్క కొత్తది కాదు.

రాయలసీమలో

నంద్యాల, కోయిలకుంట్ల, జమ్మలమడుగు, ఆదోని ప్రాంతాలలోని నల్లరేగడి నేలలలో పత్తి చాలాకాలంగా పండుతున్నది. ఆదోని పెద్ద పత్తి మార్కెట్టుగా పేరుపొందింది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘాన్ని నెలకొల్పారు. కడప ప్రాంతంలో పుల్లంపేట, మాధవరం చీరల నేతకు ప్రసిద్ధి. ఈ విధంగా ఇంటింటా నూలు చీర వాడకంలో ఉన్నంతకాలం బొంతకు కావలసిన బట్టకు లోటు రాలేదు.

వేసవిలో ఆరుబయట పడుకునే అలవాటు, నులక మంచాల వాడకం, శీతాకాలపు రాత్రుల చలి ఈ ప్రాంతంలో బొంత అవసరాన్ని నిలబెట్టాయి. గొర్రెల బొచ్చుతో నేసిన కంబళి ఇక్కడి మరొక ముఖ్యమైన పడకవస్త్రం. కంబళిని కొనవలసి ఉంటుంది, బొంతకు పాతబట్ట, దారం, తీరిక ఉంటే చాలును. ఊరూరా తిరిగి కూలికి బొంతలు కుట్టే సంచార జాతుల స్త్రీలు కూడా ఉన్నారు.

రాయలసీమకు సమీపంలో బళ్ళారి జిల్లా సండూరు లంబాడీల కుట్టుపని ముక్కల అమరికకు, అద్దాలకు, గవ్వలకు పేరుపొందింది. దీనికి 2010లో భౌగోళిక సూచిక లభించింది.

ఇతర ప్రాంతాలలో

బీహారుకు చెందిన సుజనీ కుట్టుపనికి 2006లో, పశ్చిమ బెంగాల్‌కు చెందిన నక్షీ కాంథాకు 2008లో భౌగోళిక సూచిక లభించింది. గురుసదయ్ దత్, స్టెల్లా క్రామ్‌రిష్ వంటివారు కాంథాలను సేకరించడంవలన అవి కోల్‌కతా, ఫిలడెల్ఫియా మ్యూజియంలలో భద్రంగా ఉన్నాయి. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలు గల సిద్దీ స్త్రీలు పాతబట్టలతో "కవంద్" అనే బొంతలు కుడతారు.

అమెరికాలోని అలబామా రాష్ట్రానికి చెందిన జీస్ బెండ్ గ్రామంలో ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీలు పాత పనిబట్టలతో కుట్టిన బొంతలు 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియంలో ప్రదర్శింపబడ్డాయి. 2006లో అమెరికా తపాలా శాఖ వాటిపై స్టాంపులు విడుదల చేసింది. ఎయిడ్స్ వ్యాధితో మరణించిన వారి స్మృతిచిహ్నంగా కుట్టిన బృహత్తర బొంతను 1987 అక్టోబరులో వాషింగ్టన్‌లో పరచినప్పుడు అందులో 1,920 భాగాలు ఉన్నాయి.

నేటి స్థితి

20వ శతాబ్దం చివరి దశాబ్దాల నుండి పాలియెస్టర్ చీరలు నూలు చీరల స్థానాన్ని ఆక్రమిస్తూ వచ్చాయి. పాలియెస్టర్ చెమటను పీల్చదు, పొరలుగా పేర్చినప్పుడు జారుతుంది, నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. కనుక పాత చీర దొరికినా, బొంతకు తగిన పాత చీర దొరకడం కష్టమైనది. మిల్లు దుప్పట్లు, స్పాంజి పరుపులు చౌకగా లభించడం మరొక కారణం. అయినను చంటిపిల్లలకు మెత్తని నూలు చీరలతో చిన్న బొంతలు కుట్టే ఆచారం చాలా ఇళ్ళలో కొనసాగుతున్నది.

ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాళహస్తి, మచిలీపట్నం కలంకారీలకు, ఉప్పాడ, వెంకటగిరి, ధర్మవరం చీరలకు భౌగోళిక సూచికలు ఉన్నాయి. అవి అమ్మకానికి తయారైన వస్తువులు కాగా, బొంత ఇంటి అవసరానికి పుట్టినది. అందువలన దానిని సేకరించినవారు, వర్ణించినవారు తక్కువ. ఒక బొంతను నమోదు చేసేటప్పుడు కొలతలు, పొరల సంఖ్య, ఏ పొరకు ఏ బట్ట వాడారు, కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది అనే వివరాలు ముఖ్యం. కుట్టినవారి పేరు, ఊరు, సంవత్సరం కూడా తెలిసినంతవరకు చేర్చాలి. బొంతను గట్టిగా మడిచి ఉంచితే మడతల వద్ద నూలు తెగుతుంది గనుక చుట్టగా చుట్టి, తేమ తగలనిచోట నూలుగుడ్డలో ఉంచాలి. అప్పుడప్పుడు నీడపట్టున ఆరవేస్తే పురుగు, బూజు పట్టకుండా ఉంటుంది.