బరి చుట్టూ గీసిన గీత – 6: అలీని ఓడించిన కంప్యూటర్



మొన్న ఒక హాస్టల్లో మీటింగు అయిపోయాక తమ్ముళ్ళు వాదులాటకు దిగారు. ఒకడు అలీ అంటాడు, ఇంకొకడు టైసన్ అంటాడు. మూడోవాడు ఫోన్ తీసి, ‘అన్నా, రాకీ మార్సియానో 49 ఆడి 49 గెలిచాడు. ఇంక మాటెందుకు?’ అన్నాడు. లెక్క కరెక్టే. కానీ లెక్క ఎవరు రాస్తారో, ఎవరిని లెక్కలోకి రానిస్తారో మనకంటే బాగా ఎవరికి తెలుసు? పరీక్ష రాయనివ్వకుండా ర్యాంకు అడిగే దేశం మనది.

ఈ తగువు తేల్చడానికి 1967లో అమెరికాలో మర్రీ వొరోనర్ అనే రేడియో నిర్మాత కంప్యూటర్‌ను తెచ్చాడు. వేరువేరు కాలాల హెవీవెయిట్ ఛాంపియన్ల వివరాలు అందులో పోసి, ఎవరి మీద ఎవరు గెలుస్తారో చెప్పించి, నిజం పోటీ లాగా రేడియోలో కామెంటరీ వినిపించాడు. చివరికి గెలిచింది మార్సియానో. అలీ అంతదాకా రానేలేదు, క్వార్టర్ ఫైనల్లోనే జిమ్ జెఫ్రీస్ చేతిలో ‘ఓడిపోయాడు’. వియత్నాం యుద్ధానికి పోనన్నందుకు అలీ టైటిల్ ఊడబెరికింది కూడా ఆ ఏడాదే. బరిలో అతన్ని ఓడించిన మనిషి అప్పటికి ఒక్కడూ లేడు. అలీ కోర్టుకెక్కాడు. తర్వాత రాజీ కుదిరి, 1969లో మార్సియానో, అలీ కలిసి ఉత్తుత్తి పోటీ సినిమాలో నటించారు. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో వేసిన ప్రింటులో అలీ 13వ రౌండులో పడిపోతాడు. మార్సియానో అది చూడలేదు, అంతకు ముందే విమానం కూలి చనిపోయాడు.

ఇంతకీ ఈ జెఫ్రీస్ ఎవరు? ఛాంపియన్ కాకముందు నల్లవాళ్ళతో ఆడాడు. 1898లో అప్పటికే ఒంట్లో సత్తువ ఉడిగిన పీటర్ జాక్సన్‌ను కొట్టాడు. 1899లో టైటిల్ చేతికొచ్చాక మాత్రం నల్లవాడికి పోటీ ఇవ్వనన్నాడు. ఓటమి లేకుండానే రిటైరయ్యాడు. ఆ ‘ఓటమి లేకుండా’ ఎట్లా వచ్చిందో చూశారా? 1910 జులై 4న తెల్లవాళ్ళందరూ బతిమాలి రెనోలో జాక్ జాన్సన్ మీదికి దింపితే 15వ రౌండులో కూలబడ్డాడు. నిజం బరిలో నల్ల ఛాంపియన్ చేతిలో ఓడినవాడు, కంప్యూటర్లో మరో నల్ల ఛాంపియన్‌ను గెలిచాడు!

మార్సియానోను అదే గాటన కట్టను. అతను గీత గీయలేదు. వాల్కాట్, ఎజార్డ్ చార్ల్స్, ఆర్చీ మూర్, అందరితో ఆడాడు. జో లూయీనీ ఓడించాడు, కాకపోతే అప్పటికి లూయీకి 37 ఏళ్ళు.

ఇక జాన్సన్. బానిసలుగా బతికిన తల్లిదండ్రుల కొడుకు. టామీ బర్న్స్ వెంటపడి వెంటపడి, 1908 డిసెంబర్ 26న సిడ్నీలో టైటిల్ లాక్కున్నాడు. రెనోలో అతను గెలిచిన రాత్రి అమెరికా ఊళ్ళల్లో నల్లవాళ్ళను చంపారు. 1912లో బాక్సింగ్ సినిమాలు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోకుండా చట్టమే చేశారు. ఈ కథ చాలా క్లాసుల్లో చెప్పాను, చెప్పినప్పుడల్లా చప్పట్లు పడ్డాయి. సగమే చెప్పానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఛాంపియన్ అయ్యాక జాన్సన్ సాటి నల్ల బాక్సర్లకు దాదాపుగా తలుపు మూశాడు. 1913లో పారిస్‌లో బ్యాట్లింగ్ జిమ్ జాన్సన్‌తో ఒక్కసారి ఆడాడు, అదీ డ్రా. తెల్లవాడితో ఆడితేనే ప్రమోటర్లు డబ్బు పెట్టేవాళ్ళు, నిజమే. అయినా నాకు మింగుడుపడదు. గేటు కాపలా మనవాడి చేతికి వచ్చినంత మాత్రాన గేటు తెరుచుకోదు.

ఆ గేటు బయట ఉండిపోయినవాడు సామ్ లాంగ్‌ఫర్డ్. కెనడాలోని నోవా స్కోషియా మనిషి. ఎత్తు ఐదున్నర అడుగులకు కాస్త పైన. 1903లో లైట్‌వెయిట్ ఛాంపియన్ జో గాన్స్‌ను టైటిల్ లేని పోటీలో ఓడించాడు, ఆ తర్వాత హెవీవెయిట్లనూ కొట్టాడు. 1906లో తనకన్నా చాలా బరువున్న జాన్సన్‌తో 15 రౌండ్లు నిలబడి ఓడాడు. జాన్సన్ మళ్ళీ అతనితో ఆడలేదు. హెవీవెయిట్ టైటిల్ కోసం ఒక్క అవకాశం దొరకలేదు. అందుకే నల్లవాళ్ళు నల్లవాళ్ళతోనే తిప్పి తిప్పి ఆడారు. ఒక్క హ్యారీ విల్స్‌తోనే లాంగ్‌ఫర్డ్ పదిహేనుసార్లకు పైగా ఆడాడు. ఆ విల్స్‌కు కూడా డెంప్సీ ఏలిన 1919–26 కాలమంతా టైటిల్ పోటీ దక్కలేదు. (మన పల్వంకర్ బాలూ గుర్తొస్తున్నాడు కదా! 1911 ఇంగ్లండ్ టూరులో వందకు పైగా వికెట్లు తీసినా, బొంబాయిలో హిందూ జట్టు కెప్టెన్సీ ఇవ్వలేదు.)

ఒక కన్ను పోయాక కూడా లాంగ్‌ఫర్డ్ ఆడాడు, తిండికి. 1944లో ఆల్ లేనీ అనే పత్రికాయన వెతుక్కుంటూ పోతే హార్లెంలో ఒక చీకటి గదిలో దొరికాడు. రెండు కళ్ళూ లేవు, చేతిలో డబ్బు లేదు.

వొరోనర్ కంప్యూటర్లో పోసింది ఛాంపియన్ల వివరాలు. లాంగ్‌ఫర్డ్ ఛాంపియన్ కాదు.

జాన్సన్ టైటిల్ పోగొట్టుకున్నది 1915లో. తర్వాత 22 ఏళ్ళకు గానీ ఇంకో నల్లవాడు హెవీవెయిట్ ఛాంపియన్ కాలేదు. ఆ జో లూయీకి సొంత మేనేజర్లే పెట్టిన షరతులు, పడినవాడి ముందు నవ్వకూడదనే దాకా, వచ్చే భాగంలో.