పెంటకుప్పకు పొరుగిల్లు

మా అత్తగారి కాలంలో ఎవరింటి చెత్త వారి పెరటి దాటి పోయేది కాదు. పేడ, పొయ్యిలో బూడిద, కూరగాయల తొక్కలు, వాకిలి ఊడ్చిన దుమ్ము అన్నీ ఇంటి వెనక పెంటకుప్ప మీదికే. ఎండాకాలంలో బండి కట్టి చేనుకు తోలేవారు. మా ఆదిలాబాద్ పల్లెల్లో పెంట అంటే ముక్కు మూసుకునే మాట కాదు, చేనుకు బలం. పిల్లనిచ్చే వాళ్ళు పశువుల కొట్టంతో పాటు కుప్పనూ ఓ కంట కనిపెట్టే ఉంటారని నా అనుమానం!

పట్నాలు పెరిగాక మున్సిపాలిటీ బండి వచ్చింది. మన గుమ్మం శుభ్రపడింది. ఆ బండి ఎటు పోతోందో మాత్రం ఎవరం అడగలేదు. ఊరందరి చెత్తా పోయి ఎవరింటి పక్కనో చేరింది. పోనీ, ఎరువైనా అయిందా అంటే అదీ లేదు. ప్లాస్టిక్ సంచిలో ముడేసి పారేసిన అన్నానికి గాలాడదు కదా! కుళ్ళి, మండే వాయువు పుడుతుంది. ఎండలకు కుప్ప అంటుకుంటుంది. వానలకు నల్లటి ఊట భూమిలోకి దిగుతుంది.

కరీంనగర్‌లో మానేరు ఒడ్డున ఏళ్ళ తరబడి పోసిన కుప్ప అలాంటిదే. అది రాజుకున్నప్పుడల్లా చుట్టుపక్కల కాలనీల వాళ్ళకు పొగే. హైదరాబాద్ చెత్తంతా మోసిన జవహర్‌నగర్ వాళ్ళదీ అదే గోడు. వాళ్ళు రోడ్డెక్కితే, దూరాన ఉన్న మనం "అన్నిటికీ అడ్డుపడతారు" అని తేల్చేస్తాం. ఆ వాసన మన వంటింట్లోకి రాదు మరి.

ఇంతకీ ఈ దేశంలో చెత్తకు చట్టం తెచ్చిందెవరనుకున్నారు? కుప్ప పక్కన ఉన్న ఓ ఇల్లాలే! బెంగళూరు శివార్లలో అల్మిత్రా పటేల్ గారి ఇంటి దగ్గర ఊరి చెత్త తెచ్చి పోశారు. చిత్తడి నేలలో కప్పల బెకబెకలు ఆగిపోయాయి. ఆవిడ ఇంజనీరు కూడాను, ఊరుకోలేదు. 1996లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ కేసు నడుస్తుండగానే 2000లో పట్టణ చెత్త నిబంధనలు వచ్చాయి. తడి, పొడి చెత్తలతో పాటు ఇంట్లోని ప్రమాదకర చెత్తనూ ఇంట్లోనే వేరు చేయాలని 2016 నిబంధనలు చెప్పాయి.

ఇక 2019 సెప్టెంబరులో పల్లె ప్రగతి మొదలై, తెలంగాణ పంచాయతీలకు చెత్త షెడ్లు, ట్రాక్టర్లు వచ్చాయి. షెడ్డు మా వైపు వద్దని గొడవపడ్డ ఊళ్ళున్నాయి. కట్టి తాళం వేసిన ఊళ్ళూ ఉన్నాయి. మా జిల్లాలోనే, ఇచ్చోడ మండలం ముఖరా (కె) మాత్రం వేరు దారి పట్టింది. అప్పటి సర్పంచి గాడ్గె మీనాక్షి. ఇళ్ళనుంచి చెత్త విడదీసి తెచ్చి, వానపాములకు అప్పగించి, ఎరువు చేసి అమ్మారు. ఆ రాబడి లక్షల్లోకి వెళ్ళింది. కుప్ప ఊరికి దగ్గరే, కానీ దానిమీద వచ్చిన డబ్బు కూడా ఊరికే దక్కింది.

కరీంనగర్ కుప్పను కూడా స్మార్ట్ సిటీ పథకం కింద తవ్వి జల్లెడ పట్టే పని మొదలుపెట్టారు. బయోమైనింగ్ అంటారట. పాత చెత్తలోంచి మట్టి, ప్లాస్టిక్, రాళ్ళు వేరు చేస్తారు. మనం వంటింట్లో రెండు బుట్టలతో చేయని పనిని, ఏళ్ళు గడిచాక యంత్రాలు పెట్టి చేయించడమన్నమాట. అదీ కోట్ల ఖర్చుతో!

ముఖరా (కె) వాళ్ళు ఎరువు డబ్బుతో ఏం చేశారో చెప్పనేలేదు కదూ? ఊళ్ళో సౌర విద్యుత్తు పెట్టించుకున్నారు.