చేర్యాల పటం: రంగులు, చూపు

చేర్యాల పటం సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషి చిత్రకారులు గీసే కథాచిత్రం. 2016 వరకు ఈ ఊరు వరంగల్ జిల్లాలో ఉండేది. సుమారు 3 అడుగుల వెడల్పున్న గుడ్డను కొద్దికొద్దిగా విప్పుతూ కథకులు కులపురాణాలు చెప్పేవారు. పద్మశాలీల మార్కండేయ పురాణం వాటిలో ఒకటి. జనంలో వెనక కూర్చున్నవారికీ బొమ్మ తెలియాలి కదా, పటంలోని రంగుల తీరును ఈ అవసరం నుంచే చూడాలి.

ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంకతో పూతలు పెడతారు. రూపురేఖలు గీశాక మొదట బొమ్మల వెనక నేలంతా ఎరుపు నింపుతారు. ఎరుపుకు ఇంగిలీకం, నలుపుకు దీపపు మసి వాడేవారు; ఇప్పుడు బజారు రంగులే ఎక్కువ. దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు, రాక్షసులకు ముదురు రంగులు వేస్తారు. నీడలుండవు.

కంటి రెటీనాలోని మూడు రకాల శంకు కణాలు సుమారు 560, 530, 420 నానోమీటర్ల కాంతికి బాగా స్పందిస్తాయి. వాటి స్పందనల్లోని తేడాలను మన చూపు ఎరుపు–ఆకుపచ్చ, పసుపు–నీలం జంటలుగా పోల్చుకోవడం వల్ల పక్క రంగును బట్టి రంగు మారినట్టు కనిపిస్తుంది. ఎర్రటి నేల మీద ఆకుపచ్చ చీర మరింత పచ్చగా తోస్తుంది. బూడిద రంగుకూ ఆకుపచ్చ ఛాయ వస్తుంది. పారిస్‌లోని గోబెలిన్స్ నేతశాలలో నల్ల నూలు వెలవెలబోతోందన్న ఫిర్యాదును పరిశీలించిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్, అందుకు కారణం పక్కనున్న రంగులేనని తేల్చి 1839లో పుస్తకం రాశాడు.

అన్నిటికన్నా చివర వచ్చే నల్ల గీత దగ్గరే చేర్యాల పనితనం బాగా తెలుస్తుంది. ఉడుత వెంట్రుకల కుంచెతో కన్ను, ముక్కు, నగ, చీర అంచు ఒక్కొక్కటిగా తేలుస్తారు. మన చూపు వెలుగునీడల తేడాను పట్టినంత సూక్ష్మంగా రంగుల తేడాను పట్టలేదు. పైగా నీలాన్ని పసిగట్టే కణాలు శంకు కణాల్లో పదోవంతు కూడా ఉండవు, చూపు నిలిచే నడిమధ్యలో అసలే లేవు. గీత లేకపోతే నీలిరంగు దేవుడి ముఖకవళికలు దూరానికి అందవు. రాత్రిపూట కథ చెబితే మరో చిక్కు: నూనెదీపం వెలుగులో నీలం పాలు తక్కువ. ఆ వెలుగులో నీలం నల్లబడుతుంది, ఎరుపు, పసుపు మాత్రం నిలుస్తాయి.

ఎరుపును పట్టే శంకు కణాలు లేనివారికి పటం నేల ముదురుగా, దాదాపు నల్లగా కనిపిస్తుంది. అయినా పసుపు ముఖాలు, తెల్లని పంచెలు దాని మీద స్పష్టంగానే తేలతాయి. ఈ తీరు పటానికే పరిమితం కాలేదు: సిద్దిపేట చిత్రకారుడు కాపు రాజయ్య (1925–2012) ఈ నకాషి సంప్రదాయంలోని చదునైన రంగులను, గట్టి గీతను తన పల్లె జీవిత చిత్రాల్లోకి తీసుకున్నారు.