చట్టం వచ్చిన పాతికేళ్లకు

వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పట్టుబట్టి సాధించిన ఆ చట్టం కలకత్తాకు ఎంత వర్తించిందో రాజమండ్రికీ అంతే వర్తించింది. అయినా అక్కడ కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. ఈ పాతికేళ్ల ఆలస్యాన్ని చదువు లేకపోవడం మీదకు నెట్టేయడం తేలిక. కానీ ఇంగ్లీషు చదివి, సభల్లో సంస్కరణకు తలూపిన పెద్దమనుషులు ఆ ఊళ్లోనే ఉన్నారు. వాళ్లను ఆపింది వెలి భయం. పెళ్లికి వెళ్లినవాడి ఇంటికి పురోహితుడు రాడు, తద్దినం ఆగిపోతుంది, ఎదిగిన పిల్లకు సంబంధం కుదరదు. ఈ వెలిని ఆ చట్టం ఆపలేకపోయింది. అందుకే మన దగ్గర స్వేచ్ఛ చరిత్రను శాసనసభల కంటే ముందు ఇళ్లలో వెతకాలంటాను. ఆ తొలి పెళ్లప్పుడు వంటవాళ్లూ నీళ్లు మోసేవాళ్లూ మొహం చాటేస్తే వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరికి వెళ్లి బిందెలతో నీళ్లు మోసుకొచ్చారు, పెళ్లివారికి తానే వండి వడ్డించారు. భర్తను విడిచి రమ్మని అయినవాళ్లు ఒత్తిడి చేసినా కదల్లేదు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బు సాయం చేశారు. నాలుగు రోజులకే రెండో పెళ్లి కూడా జరిగింది.

చట్టమే లేకపోతే ఈ తెగువ దేనికి పనికొచ్చేదని అడగవచ్చు. నిజమే, అలా పెళ్లాడిన దంపతుల పిల్లలకు వారసత్వం దక్కింది చట్టం వల్లే. అయితే మళ్లీ పెళ్లాడిన స్త్రీకి మొదటి భర్త ఆస్తి మీద ఉన్న హక్కును తీసేసిందీ అదే చట్టం. ఇంతకంటే బరువైన అభ్యంతరం మరొకటుంది. మారుమనువు చాలా కులాల్లో అప్పటికే మామూలు ఆచారం, కాబట్టి ఇది పై కులాల ఇంటి గొడవే కదా అని. అవును, పై కులాల గొడవే. పైగా ఆ పెళ్లికూతుళ్లు చిన్నపిల్లలు, వాళ్ల ఇష్టాయిష్టాలు అడిగిన దాఖలాలు తక్కువ. ఈ లోపాన్ని దాచకూడదు. కానీ తప్పు జరుగుతున్నది తమ కులంలోనే అయినప్పుడు దాన్ని తమ ఇంట్లోనే సరిదిద్దడం, అందుకయ్యే నష్టాన్ని తామే భరించడం చిన్న విషయం కాదు. ఊరికి ఉపన్యాసమిచ్చి ఇంటికొచ్చి ఆచారం పాటించినవాళ్ల పేర్లు ఇప్పుడెవరికీ గుర్తులేవు. ఆ పెళ్లిళ్లు చేయించిన వీరేశలింగానికి విగ్రహాలున్నాయి. ఆ నీళ్లు మోసిన రాజ్యలక్ష్మమ్మకు మన పాఠ్యపుస్తకాల్లో కనీసం ఒక పాఠమైనా ఇవ్వాలి.